పద్దెనిమిది సూదులు

జ్ఞానమ్మ అబద్ధం చెబుతోందని సమ్రీన్‌కి మూడో నిమిషంలోనే తెలిసిపోయింది. అంతుపట్టనిదల్లా ఒక్కటే. ఎవరైనా బయటపడటానికి అబద్ధమాడతారు, ఈవిడ ఇంకా లోతుకు కూరుకుపోవడానికి ఆడుతోంది.

"నేనే వేశానమ్మా," జ్ఞానమ్మ ఆ ఒక్క మాటనే పట్టుకుని వేలాడుతోంది. "సాత్వికకి సూది నేనే వేశా. రిజిస్టర్లో టిక్కుంది గదా."

పోలీసు స్టేషన్ వెనక గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు ఉన్నాయి. రెండో కుర్చీలో సమ్రీన్ కూర్చోలేదు. కూర్చుని ఆలోచించడం ఆమె ఒంట్లోనే లేదు. ఇన్సూరెన్సు కంపెనీకి దొంగ క్లెయిములు పట్టిపెట్టిన రోజుల్లోనే నరసరావుపేటలో ఆమెకు కాలుగాలిన పిల్లి అని పేరు పడింది. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టి నాలుగేళ్లయినా పేరు మాత్రం వదల్లేదు. ఇప్పుడూ గోడకీ తలుపుకీ మధ్య ఉన్న ఆరడుగుల జాగాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. గడియారం పదీ నలభై చూపిస్తోంది.

జరిగింది ఊరంతా ఒకేలా చెబుతున్నారు. దుర్గికి అవతల గుండ్లవాగు హైస్కూల్లో నిన్న పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు టీకా వేశారు, గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా వేసేది. పిల్లలు పంతొమ్మిది మంది. వేసింది ఆ ఊరి నర్సు జ్ఞానమ్మ. జాబితాలో చివరి పేరు సాయిసాత్విక, తొమ్మిదో తరగతి. పదకొండూ నలభైకి ఆ పిల్ల స్టూలు మీద నుంచి జారి కింద పడింది, మళ్లీ కళ్లు తెరవలేదు. పావుగంటలో ఊరు మొత్తం స్కూల్లో ఉంది. టీకాల పెట్టె ముక్కలైంది, జ్ఞానమ్మ జుట్టు పదిమంది చేతుల్లోకి పోయింది. సాయంత్రానికి సీఐ చక్రధర్ ఆమెనే అరెస్టు చేశాడు. మండలమంతా టీకాలు ఆపేశారు. ఇవాళ నాలుగింటికి ఆమెను జడ్జి ముందు నిలబెడతారు. మా ఆవిడ చేతిలో ఇన్నేళ్లలో ఒక్క బిడ్డకి చీము కూడా పట్టలేదని చెబుతూ ఆమె భర్త ఏలియా నిన్న సాయంత్రం సమ్రీన్ ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు.

జ్ఞానమ్మ సంగతి అలా ఉంచితే, సమ్రీన్‌ని ఇవాళ మరీ కుదురుగా ఉండనివ్వనిది వేరే ఉంది. పొద్దున్నే నరసరావుపేట ఆసుపత్రిలో ఆ పిల్లను చూసి వచ్చింది. డాక్టర్ అమర్నాథ్ ఆమెను పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పాడు. టీకా ఒంటికి సరిపడకపోతే దద్దుర్లు రావాలి, బీపీ పడిపోవాలి. ఇక్కడ అవేవీ లేవు, ఆక్సిజన్ పెట్టినా ఊపిరి మాత్రం అంతకంతకూ నెమ్మదిస్తోంది. ఏదో మింగినట్టుంది. అదేమిటో తెలిస్తే దానికి తగ్గ మందు ఇవ్వొచ్చు, తెలియకుండా ఇస్తే అదే ప్రాణం తీయొచ్చు. సాయంత్రం దాకా ఆ పిల్ల తట్టుకుంటుందని తను చెప్పలేనన్నాడు. ఇంట్లో వాళ్లనడిగితే ఏమీ మింగలేదని ఒట్టేస్తున్నారు. రక్తపరీక్షకు సంతకం పెట్టమంటే తండ్రి వచ్చాక పెడతామంటున్నారు. ఆ తండ్రి లారీ డ్రైవరు, నాగపూర్ దాటి ఎక్కడో ఉన్నాడు.

ఇంట్లో వాళ్లంటే తల్లి ధనమ్మ, పెదనాన్న అప్పారావు. తల్లికి ఏడవడమే సరిపోతోంది, మాట్లాడేదంతా అప్పారావే. ఇరవై ఏళ్లుగా గుండ్లవాగులో ఆర్‌ఎంపీ. చదువు సంగతి ఎలా ఉన్నా ఊళ్లో అందరికీ డాక్టరు గారే. సమ్రీన్‌కి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, కళ్లు తుడుచుకుంటూ తన ఫోన్ చూపించాడు. సాత్వికకు టీకా వేసినట్టు వచ్చిన మెసేజి అది. తమ్ముడు రోడ్ల మీద తిరిగేవాడు కాబట్టి స్కూల్లో తన నంబరే ఇచ్చారట. ఈ టీకాకి ఎవరో ఒక పిల్ల పడిపోయిద్దని వారం నుంచి మొత్తుకుంటున్నానమ్మా, నా ఇంటి పిల్లే అవుతుందనుకోలేదు అన్నాడు. సమ్రీన్ ఆ మాట నమ్మేసింది. మెసేజి వచ్చిన టైము మాత్రం అలవాటు కొద్దీ పుస్తకంలో రాసుకుంది. దారిలో గుండ్లవాగులో ఆగి మరో ఇద్దరు తల్లుల ఫోన్లు చూసి వాటి టైములూ రాసుకుంది.

ఇప్పుడు ఆ పుస్తకాన్నే జ్ఞానమ్మ ముందు పెట్టింది.

"జ్ఞానమ్మక్కా, నువ్వు టీకాలు మొదలుపెట్టింది పదింటికి. మొదటి పిల్ల మెసేజి పదకొండూ ఇరవై రెండుకి వచ్చింది. పదో పిల్లదీ పదకొండూ ఇరవై రెండుకే. చివరి పిల్ల సాత్వికదీ అంతే. ఒక్క నిమిషంలో పంతొమ్మిది మందికి సూది వేసే చెయ్యి నీకుంటే నిన్ను జైల్లో కాదు, ఎగ్జిబిషన్లో పెట్టాలి."

జ్ఞానమ్మ పుస్తకం వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపులోంచి ముక్కలు ముక్కలుగా సంగతి బయటికొచ్చింది.

వేసిన ప్రతి టీకానూ అప్పటికప్పుడు ఫోన్లో ఎక్కించాలి, ఎక్కించగానే ఇంటివాళ్లకు మెసేజి పోతుంది. గుండ్లవాగు స్కూల్లో ఫోనుకు సిగ్నల్ అందదు. వెనకున్న నీళ్ల ట్యాంకు పైమెట్టు ఎక్కితేనే అందుతుంది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. అందుకని నర్సులందరూ చేసేదే జ్ఞానమ్మా చేసింది. పదహారు మందికి వేశాక టీ టైములో ట్యాంకెక్కింది. అదృష్టవశాత్తూ సిగ్నల్ దొరికింది. మిగిలింది ముగ్గురే, దిగగానే వేస్తాం కదా, మళ్లీ ఎవరెక్కుతారని పంతొమ్మిది పేర్లూ ఒకేసారి కొట్టేసింది. కిందికొచ్చి రిజిస్టర్లోనూ టిక్కులు పెట్టేసింది. తర్వాత ఇద్దరికి వేసింది.

"సాత్వికకి మందు సిరంజిలోకి లాగా. చెయ్యి చాపమ్మా అన్నా. అప్పటికే తూలతా ఉంది. నేను పట్టుకునే లోపలే పడిపోయింది. ఆ పిల్లకి సూది తగల్లేదమ్మా."

"ఆ ముక్క నిన్ననే చెప్పి చావచ్చు గదా."

"వెయ్యకుండానే ఎక్కించిందంటే ఉద్యోగం పోద్ది. పోయినేడు మా పక్క హెల్త్ సెంటరావిణ్ణి అందుకే పీకేశారు. వేశానంటే మాత్రం ఏందిలే, ఎంక్వయిరీలో టీకా మంచిదేనని తేలిద్ది, బయటికొస్తా అనుకున్నా. ఈ టీకా కోసం పంతొమ్మిది ఇళ్లు తిరిగానమ్మా. ఒక్కో గడప నాలుగుసార్లు ఎక్కా. మా అక్క ఆ క్యాన్సర్‌తోనే పోయింది, నా చేతుల్లోనే."

సమ్రీన్‌కి ఒళ్లు మండిపోయింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏమనాలో తెలియక మరో రెండు చుట్లు తిరిగింది. ఈవిడ ఉద్యోగం కాపాడుకోవడానికి దాచిన ఒక్క మాట వల్ల నిన్నటి నుంచి అందరూ టీకా చుట్టూనే తిరుగుతున్నారు. ఆ పిల్ల ఏం మింగిందని అడిగిన పోలీసు ఒక్కడూ లేడు.

"బాగుంది కథ," తలుపు దగ్గర నుంచి గొంతు వినిపించింది.

సీఐ చక్రధర్ ఎప్పుడొచ్చాడో, గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. వాళ్లిద్దరికీ పాత లెక్కలున్నాయి. సత్తెనపల్లి దగ్గర కాలిపోయిన ఒక పత్తి గోడౌను కేసులో అతను ప్రమాదమని రాసి మూసేస్తే, సమ్రీన్ వారం తిరిగి అది ఓనరే పెట్టిన మంటని తేల్చింది. పేపర్లో ఆమె ఫొటో వచ్చింది, అతనికి మెమో వచ్చింది.

"లాకప్‌లో ఒక రాత్రి గడిస్తే అందరికీ కొత్త నిజాలు గుర్తొస్తాయమ్మా సమ్రీన్. సీసాకి ఒక్క డోసే ఉంటది. ఖాళీ సీసాలు పంతొమ్మిది నా దగ్గరున్నాయి. నేనే లెక్కబెట్టా."

"సీసాలు లెక్కబెట్టారు సరే. సూదులు లెక్కబెట్టారా?"

చక్రధర్ చేతిలోని ఫైలు తెరిచాడు.

"వాడిన సూదిని అక్కడికక్కడే కట్టర్‌తో నరికేస్తారు, ముక్క దాని డబ్బాలో పడిద్ది. మీరు స్వాధీనం చేసుకున్న వస్తువుల కాగితంలో రిజిస్టర్ ఉంది, సీసాలున్నాయి. కట్టర్ లేదు. అదెక్కడుంది సీఐ గారూ?"

అదెక్కడుందో అతనికి తెలియదని ముఖమే చెప్పింది. ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు. నువ్వొక్కదానివే వెళ్లి ఏదో ఒకటి పెట్టి తీశానంటావు, నా కళ్ల ముందే తీద్దువుగాని పద అని జీపెక్కాడు.

పదకొండూ ఇరవైకి తొమ్మిదో తరగతి గది తలుపుకు వేసిన సీలు చక్రధర్ తన చేత్తోనే తీశాడు. లోపల అంతా నిన్నటిలాగే ఉంది. బల్ల తిరగబడి ఉంది, టీకాల పెట్టె మూత ఒకచోట, అడుగు ఒకచోట పడి ఉన్నాయి. గది మధ్యలో స్టూలు, దానికి రెండడుగుల దూరంలో ఒక చెప్పు. అది సాత్వికదని హెడ్మాస్టరు చెప్పాడు. సమ్రీన్ ఆ చెప్పును దాటుకుని నేరుగా మూలకు వెళ్లింది. ఆమె అనుకున్నట్టే కట్టర్ అక్కడుంది. పెట్టె పగలగొట్టిన చేతులు వాడిన సూదుల జోలికి మాత్రం పోలేదు. ఊరినంతా ఉరికించిన భయమే ఆ ఒక్క వస్తువుకు కాపలా కాసింది.

హెడ్మాస్టరు తెచ్చిన పేపరు మీద డబ్బా బోర్లించి, పెన్ను కొనతో ఒక్కొక్క ముక్కనూ పక్కకు జరుపుతూ పైకే లెక్కబెట్టింది. పద్దెనిమిది దగ్గర ఆగింది. చక్రధర్ నమ్మకుండా తనూ లెక్కబెట్టాడు. అతని లెక్కకూ పద్దెనిమిదే వచ్చాయి.

"ఒకటి ఆ గలభాలో ఎటో పోయుంటది," అన్నాడు.

"ఎటో పోలేదు. ఈ గదిలోనే ఉండాలి."

ఆమె నేల మీద బోర్లా పడుకుని బల్లల కింద చూసింది. చక్రధర్ నవ్వు దాచుకోలేదు. గోడవారన పాత ఇనప బీరువా ఉంది. హెడ్మాస్టరు, హోంగార్డు కలిసి దాన్ని జానెడు జరిపితే వెనక సాలెగూళ్ల మధ్య సన్నటి సిరంజి కనిపించింది. ఎవరి కాలో తగిలి దొర్లిపోయినట్టుంది. సూది నరకలేదు. లోపల మందు గీత దాకా అలాగే ఉంది.

సమ్రీన్ దాన్ని ముట్టుకోలేదు. "మీరే తీయండి సీఐ గారూ, నేను పెట్టి తీశానంటారు," అంది. ఈ సిరంజి ఒక్కసారే పనిచేస్తుంది, ఒక్కసారి నొక్కితే బిగుసుకుపోతుంది, మళ్లీ నింపడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ఇది పంతొమ్మిదో సీసాలోంచి లాగిన మందు. ఎవరి ఒంట్లోకీ పోనిది.

చక్రధర్ సిరంజిని కవర్లో వేసి చాలాసేపు చూశాడు. మొండివాడే గానీ గుడ్డివాడు కాదు. కాకపోతే ఓడిపోయానని ఒప్పుకోవడం అతనికి పళ్లు పీకించుకున్నంత పని.

"సరే, టీకా వెయ్యలేదు. మరి పిల్లకేమైంది? ఎండదెబ్బా?"

అదే ప్రశ్న సమ్రీన్ కాళ్లను కుదురుగా ఉండనివ్వడం లేదు. పిల్ల పడిన దగ్గర నుంచి ఆటో ఎక్కే దాకా నిమిషం నిమిషం చెప్పమని హెడ్మాస్టర్ని అడిగింది. ఆయన పాపం నిన్నటి వణుకు ఇంకా తగ్గని మనిషి. అంబులెన్సు వచ్చే దాకా ఆగాల్సి వస్తే ఏమయ్యేదో, దేవుడు పంపినట్టు అప్పారావు గారు అప్పటికే గేటు దగ్గర ఆటోతో ఉన్నారమ్మా, వెనక సీట్లో దిండు కూడా వేయించారు అన్నాడు.

సమ్రీన్ నడక ఆగిపోయింది.

"ఆయన గేటు దగ్గరికి ఎన్నింటికొచ్చాడు?"

మూడో పీరియడ్ బెల్లు కొట్టించడానికి తను బయటికొచ్చినప్పుడు చూశానన్నాడు హెడ్మాస్టరు. ఆ బెల్లు పదకొండూ ముప్పై ఐదుకి. పిల్ల పడింది పదకొండూ నలభైకి.

చక్రధరే ముందు తేరుకున్నాడు. సొంత పెదనాన్న, సూదంటే భయపడుతుందేమోనని వచ్చి ఉంటాడన్నాడు.

"చూసి పోవడానికొచ్చినోడు ఆటోలో దిండు ఎందుకేయిస్తాడు? పదకొండూ ఇరవై రెండుకి ఆయన ఫోన్‌కి మెసేజొచ్చింది, సాత్వికకి టీకా వేశారని. అది నిజమనుకున్నాడు. పిల్ల ఈపాటికి పడిపోయి ఉండాలని లెక్కేసుకుని ఆటో కట్టించుకుని వచ్చాడు. తీరా వస్తే పిల్ల ఇంకా పడలేదు, టీకా ఇంకా వెయ్యలేదు. అసలు పడిపోద్దని ఆయనకెట్టా తెలుసు?"

హెడ్మాస్టరు తల దించుకున్నాడు. అప్పారావు వారం నుంచి ఊళ్లో ఏం మాట్లాడుతున్నాడో అప్పుడు నోరు విప్పాడు. జ్ఞానమ్మ సెంటరుకి వచ్చిన దగ్గర నుంచి అతని దగ్గరికి వెళ్లేవాళ్లు తగ్గారు. టీకా వేయించుకోవద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు, ఒక్క ఇల్లూ వినలేదు. చివరికి తన మరదలే నర్సు మాట విని సాత్విక కాగితం మీద సంతకం పెట్టింది. ఎవరో ఒక పిల్ల పడితే అప్పుడు నా విలువ తెలిసిద్దని టీకొట్టు దగ్గర అందరి ముందూ అన్నాడట.

ఇవాళ స్కూలుకు ఆడపిల్లలెవరూ రాలేదు, ఒక్క దీపశ్రీ తప్ప. సాత్విక పక్కన కూర్చునే పిల్ల. తల్లి ఆదెమ్మ స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది, ఇంట్లో ఒంటరిగా వదలడానికి ధైర్యం చాలక వెంట తెచ్చుకుంది. వంటషెడ్డులో పోలీసు టోపీ చూడగానే ఆదెమ్మ గరిటె అడ్డం పెట్టింది. మా పిల్లకేమీ తెలీదు, నిన్నటి నుంచి అన్నం కూడా ముట్టలేదని కసిరింది. సమ్రీన్ చక్రధర్‌ని బయట ఉండమంది. అతను వింతగా చూసినా బయటే ఉన్నాడు. ఆమె పొయ్యి పక్కన బియ్యం బస్తా మీద కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె కూర్చోవడం అదే మొదలు.

"సాత్విక పడిపోయింది టీకా వల్ల కాదమ్మా. దానికసలు టీకా వెయ్యనేలేదు," అంది. "అదేదో మింగింది. ఏం మింగిందో డాక్టరుకి తెలిస్తే లేచి కూర్చుంటది. ఎవరూ నిన్నేమీ అనరు. నేను అననివ్వను."

దీపశ్రీ ముందు తన తల్లి వంక చూసింది.

"వాళ్ల పెదనాన్న ఇచ్చాడక్కా. పొద్దున గేటు కాడ. రెండు బిళ్లలు, దానికొకటి, నాకొకటి. సూదికి ముందు ఏసుకుంటే నొప్పి తెలీదు, జరం రాదన్నాడు. అందరూ అడుగుతారు, ఎవరికీ చెప్పొద్దన్నాడు." గుటక మింగింది. "నాకు బిళ్ల గొంతు దిగదు. నాది కూడా దానికే ఇచ్చా. దానికి సూదంటే చానా భయం. రెండూ ఏసుకుంది."

ఆదెమ్మ చేతిలో గరిటె కింద పడింది. కూతుర్ని ఒక్క లాగు లాగి పొట్టకు అదుముకుంది. ఇద్దరు పిల్లలు చెరో బిళ్లతో కాసేపు సోలిపోవాలి, ఊరు చూడాలి, అదీ అప్పారావు లెక్క. ఒక్క పిల్లే రెండూ మింగుతుందని అతను అనుకోలేదు.

"ఆ బిళ్లలు ఎట్టా ఉన్నాయి?"

"తెల్లగా, చిన్నగా. మా నాయనమ్మ నిద్రకి ఏసుకుంటదే, అచ్చం అట్టాంటియ్యే."

నాయనమ్మకు ఆ బిళ్లలు ఇచ్చేది కూడా అప్పారావేనని ఆదెమ్మ చెప్పింది. ఇల్లు స్కూలు వెనకే. పరుగున వెళ్లి సగం వాడిన బిళ్లల అట్ట తెచ్చింది. దాని మీద మందు పేరు, ఎంత పవరో స్పష్టంగా ఉన్నాయి. సమ్రీన్ ఆ అట్ట పట్టుకుని ట్యాంకు మెట్ల మీదికి పరిగెత్తింది. వెనకే చక్రధర్ కూడా ఎక్కాడు. వంటషెడ్డు గోడకు చెవి ఆనించి అంతా విన్నట్టున్నాడు, ముఖంలో పొద్దుటి వెటకారం లేదు. పన్నెండూ పదికి డాక్టర్ అమర్నాథ్ ఫోన్ ఎత్తాడు. సమ్రీన్ స్పీకర్ పెట్టి మందు పేరు చదివింది, రెండు బిళ్లలని చెప్పింది.

అవతల డాక్టరు ఆ పేరు మరోసారి చదివించుకున్నాడు.

"దీనికి మందు నా దగ్గరుందమ్మా," అన్నాడు డాక్టరు చివరికి. "పిల్ల లేదు. నేను ఆపరేషన్లో ఉండగా వాళ్ల పెదనాన్న కారులో తీసుకెళ్లిపోయాడట. గుంటూరు పెద్ద డాక్టరుకి చూపిస్తానన్నాడట. పదకొండున్నరకి. ఇప్పుడే బయటికొచ్చి విన్నాను."

"పోలీసు కేసు గదా, ఎట్టా పంపారు?"

"మా వాళ్లు ముందు కుదరదనే అన్నారు. అభ్యంతరం లేదని స్టేషన్ నుంచి వచ్చిన కాగితం చూపించాడు."

సమ్రీన్ తల తిప్పింది. చక్రధర్ రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

"పొద్దున్నే ఫోన్ చేసి బతిమాలాడు," అన్నాడు. "ఏడ్చాడు. పెద్దాసుపత్రికైతే పిల్ల బతుకుద్దన్నాడు. సంతకం పెట్టి వాట్సాప్‌లో పంపా. ఆ సంతకం నాదే."

సమ్రీన్ మళ్లీ ఫోన్ వైపు తిరిగింది. ఆక్సిజన్ లేకుండా ఆ పిల్ల ఎంతసేపు ఉండగలదని ఫోన్లో అడిగింది. గంటన్నర, మహా అయితే రెండు గంటలన్నాడు అమర్నాథ్. అందులో నలభై నిమిషాలు అప్పుడే గడిచిపోయాయి. చక్రధర్ ఈలోగా రెండో ఫోన్ తీసి గుంటూరు దారిలో కార్లన్నీ ఆపమని అరుస్తున్నాడు.

"గుంటూరు దారి కాదండీ," స్పీకర్లోంచి డాక్టరు గొంతు వచ్చింది. "మా వాచ్‌మన్ చూశాడు. కారు మాచర్ల వైపు తిరిగింది."

చక్రధర్ చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. మాచర్ల వైపు పెద్దాసుపత్రి లేదని ఆ ఇద్దరికీ తెలుసు.

"తల్లి కూడా ఉందిగదా కారులో," సమ్రీన్ అడిగింది. "ఆవిడ ఫోన్ నంబరు చెప్పండి, త్వరగా."

"ధనమ్మని ఎక్కించుకోలేదమ్మా," అన్నాడు అమర్నాథ్. "పిల్లని స్కానింగ్‌కి తీసుకెళ్తున్నామని చెప్పాడట. నా గది బయట బెంచీ మీదే కూర్చుని ఉంది. స్కానింగ్ అయిపోయిందా అని ఇప్పుడే నన్ను అడిగింది."